ఎన్‌డెబెలే కుట్టు: జతల మధ్య సందు, అంచున బయటపడే దారం

ప్రశ్న

8 నిలువు వరసలతో ఎన్‌డెబెలే కుట్టు (పూసల్ని జతలుగా, ఒకదానివైపు ఒకటి వాలేలా అల్లేది) పట్టీ బ్రేస్‌లెట్ అల్లుతున్నాను. 11/0 సైజు గుండ్రటి గాజుపూసలు, గాలానికి వాడే నైలాన్ తీగ, 10 నంబరు సూది. జతలో రెండు పూసలూ బాగానే కలిసి ఉంటున్నాయి, పక్క జతకి మాత్రం సందు వచ్చి తీగ కనబడుతోంది. వరస తిప్పేచోట అంచున కూడా తీగ బయటపడుతోంది. అన్నిటికంటే కింది వరసేమో మిగతావాటిలా వాలడం లేదు. మణికట్టు చుట్టుకొలత 16 సెం.మీ. పూసలు ఎన్ని గ్రాములు కావాలి?

జవాబు 1

ముందు ఆ తీగ మార్చండి. గాలం తీగ బిరుసు. బిగించి వదిలితే వెనక్కి తన్ని కుట్టు వదులవుతుంది. 6 పౌండ్ల బరువు తట్టుకునే ఫైర్‌లైన్ అనే దారం గానీ, తేనెమైనం రాసిన సన్నటి నైలాన్ దారం గానీ వాడండి. దారం రంగు పూసలకి దగ్గరగా ఉండాలి.

ఈ కుట్టులో లెక్కంతా జతలదే. అడుగున నిచ్చెన కుట్టుతో (పూసల్ని పక్కపక్కన నిలబెట్టి కలిపే కుట్టు) 8 పూసలు వేశారనుకుందాం. దారం 1వ పూస పైనుంచి వస్తుంది. రెండు పూసలు ఎక్కించి 2లోంచి కిందికి దిగాలి, 3లోంచి పైకి రావాలి. మళ్లీ రెండు, 4లోకి దిగి 5లోంచి పైకి. జతలో రెండు పూసల్నీ తలపై దారం కలుపుతుంది. జతకీ జతకీ మధ్య లంకె మాత్రం 2లోంచి దిగి 3లోకి ఎక్కేచోటే. ఆ లంకె ఎంత కిందికి పోతే పైన సందు అంత తెరుచుకుంటుంది. బహుశా మీరు రెండేసి పూసల్లోంచి దిగుతున్నారు. ఒక్క పూసలోంచే దిగి, ఒక్కదాంట్లోంచే ఎక్కండి. జత వేసిన ప్రతిసారీ అప్పుడే బిగించాలి. వరసంతా అయ్యాక ఒకేసారి లాగితే మొదటి జతలు నలుగుతాయి, చివరివి వదులుగా ఉండిపోతాయి.

తిప్పడానికి: 8లోంచి దిగాక, పక్కనున్న 7వ నిలువు వరసలో పాత పూసలోంచి పైకి వచ్చి, అక్కణ్నుంచి ఏటవాలుగా 8వ నిలువు వరసలోని కొత్త పూసలోకి సూది ఎక్కించండి. దారం రెండు వరసల మధ్య దాక్కుంటుంది. అది కుదరకపోతే, తిరిగేచోట ఇంకా చిన్నదైన 15/0 సైజు పూస ఒకటి ఎక్కించి కొత్త పూసలోకి వెళ్లండి. అంచుకి చిన్న చుక్కల వరస వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా.

జవాబు 2

అడుగు వరస వాలకపోవడం తప్పు కాదండీ. నిచ్చెన కుట్టులో పూసలు నిలువుగానే నిలబడతాయి. ఆఖరి వరసని కూడా నిచ్చెనలాగే పక్కపక్కన బిగించేస్తే రెండు కొసలూ ఒకేలా కనిపిస్తాయి.

పూసల లెక్క: కొక్కేనికి 1.5 సెం.మీ. పోతే అల్లాల్సింది 14.5. సెంటీమీటరుకి సుమారు 6 వరసలు పడతాయి కాబట్టి 87 వరసలు, 8తో హెచ్చిస్తే దాదాపు 700 పూసలు. గుండ్రటి 11/0 జపాన్ పూసలైతే గ్రాముకి సుమారు 110. అంటే ఆరున్నర గ్రాములు. మరీ సన్నవీ, మరీ లావువీ ఏరి పక్కన పెట్టాలి కాబట్టి 10 గ్రాములు కొనండి. సిలిండర్ ఆకారం పూసలు కొనకండి, వాటితో ఆ వాలు అంత బాగా కనబడదు.

అడుగు పూసల్లోంచి సూది చాలాసార్లు వెళ్తుంది. రంధ్రం నిండాక బలవంతంగా లాగితే పూస పగులుతుంది. అక్కడ ఇంకా సన్నటి 12 నంబరు సూదికి మారండి.

జవాబు 3

డిజైన్ గురించి ఒక్క మాట. ఈ కుట్టుకి పేరొచ్చింది దక్షిణాఫ్రికాలోని ఎన్‌డెబెలే ప్రజల వల్ల. అక్కడి పెళ్లయిన స్త్రీలు కట్టే ఇజొగొలో అనే తోలు ఏప్రన్‌కి కింద ఐదు పట్టీలు వేలాడతాయి, దానిమీదంతా పూసల పనే. పాత వాటిలో తెల్లపూసల నేల మీద రంగు కాస్తే ఉంటుంది, ఆ తెలుపే వాటి అందం. మీరూ తెలుపు ఎక్కువ పెట్టి చూడండి. పూసలు వాలి ఉంటాయి కాబట్టి అడ్డంగా వేసిన గీత రంపపు పళ్లలా వస్తుంది. నల్ల గీత తిన్నగా రావాలంటే నిలువు వరసలోనే వేయండి. అడ్డం గీతల్ని ఆ పళ్లతోనే ఊహించుకుని, గ్రాఫ్ కాగితం మీద రెండేసి గళ్లు కలిపి గీసుకోండి.

ప్రశ్న వేసినవారు

7లోంచి ఏటవాలుగా తిప్పితే అంచు శుభ్రంగా వచ్చిందండీ, చాలా థాంక్స్. ఇదే కుట్టుని గొట్టంలా అల్లితే తాడులా మెలి తిరుగుతోంది, ఎందుకని?

జవాబు 1

ఒక పూసలోంచి దిగి రెండింట్లోంచి ఎక్కుతున్నారేమో చూడండి. మెలి కావాలనుకున్నవాళ్లు అలాగే అల్లుతారు. నిటారుగా రావాలంటే దిగేది ఒకటి, ఎక్కేది ఒకటి. చుట్టు పూర్తయ్యేచోట మాత్రం రెండు పూసల్లోంచి ఎక్కాలి: పాత చుట్టు మొదటి పూస, దాని మీది కొత్త పూస. మొదటి నిలువు వరసని వేరే రంగులో వేస్తే ఆ చోటు తప్పిపోదు.