తిరుపతి నుంచి సింగపూర్: గాల్లో ఎంతసేపు, రోడ్డు మీద ఎంతసేపు?

కొర్లగుంట_వాసి: అమ్మను తీసుకుని సింగపూర్‌లో మా చెల్లెలి ఇంటికి పోతున్నాం. చెన్నైలో రాత్రి 11:15కు బయలుదేరి పొద్దున 6:05కు దిగుతుందని టికెట్‌లో ఉంది. దూరం చూస్తే 2,900 కిలోమీటర్లే. దానికి ఏడు గంటలా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, అంతసేపు కూర్చోలేదు.

రేణిగుంట_రాజు: టెన్షన్ వద్దన్నా. బయలుదేరే టైం మనది, దిగే టైం వాళ్లది. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ప్రయాణం 4 గంటల 20 నిమిషాలే.

లెక్కల_మాస్టారు: గంటకు 850 కిలోమీటర్ల చొప్పున లెక్కేస్తే మూడున్నర గంటలు కూడా పట్టదు కదా అనే ప్రశ్న తర్వాత వస్తుంది, ఇప్పుడే చెప్పేస్తా. ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా మొత్తం టికెట్ టైంలోకే వస్తుంది. రన్‌వే దాకా మెల్లగా పోవాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. పైగా నెట్‌లో చూపేది గ్లోబు మీద దారం లాగి పట్టినంత దూరం. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. ఇంకోటి, ఆరింటికి దిగినా అక్కడ ఇంకా చీకటే. ఉన్న చోటును బట్టి చూస్తే వాళ్ల టైం మనకంటే గంటన్నరే ముందుండాలి. 1982 నుంచి ఇంకో గంట ముందుకు జరిపిన టైం వాడుతున్నారు, అందుకే ఏడింటికి గానీ తెల్లారదు.

అలిపిరి_అక్క: విమానం సంగతి వదిలెయ్ తమ్ముడూ, అమ్మకు అసలు కష్టం రోడ్డు మీదే. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా మీనంబాక్కం ఎయిర్‌పోర్టు చేరేసరికి కారులో మూడున్నర, నాలుగు గంటలు. మూడు గంటల ముందు అక్కడ ఉండాలంటే సాయంత్రం నాలుగుంపావుకే ఇల్లు కదలాలి. బస్సు మాత్రం వద్దు. మన బస్సులు మాధవరంలో ఆగుతాయి, అది ఊరికి ఆ చివర, ఎయిర్‌పోర్టు ఈ చివర. రైల్లో సెంట్రల్‌కు పోతే అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టు దాకా ఉంది.

పలమనేరు_పిల్లోడు: మా వైపు వాళ్లందరికీ బెంగళూరే మేలు. హొస్కోటే దగ్గర, ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి వైపు తిరిగితే సిటీలోకి పోయే పనే లేదు. గాల్లో రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు ఎక్కువ, పావుగంటో ఇరవై నిమిషాలో.

అలిపిరి_అక్క: పలమనేరు నుంచి సరే, తిరుపతి నుంచి ఎందుకయ్యా?

కొర్లగుంట_వాసి: రేణిగుంట నుంచే ఏదీ లేదా?

రేణిగుంట_రాజు: పేరుకు అంతర్జాతీయ విమానాశ్రయమే, సింగపూర్‌కు నేరుగా మాత్రం లేదు. హైదరాబాద్ మీదుగా పోవచ్చు. ఆగ్నేయంలో ఉన్న ఊరికి ముందు ఉత్తరానికి పోవడం నవ్వులాటగానే ఉంటుంది. కానీ కారులో నాలుగు గంటలు కూర్చోలేని వాళ్లకు అదే నయం. రెండూ ఒకే టికెట్ మీద తీసుకో, మొదటిది లేటయితే రెండోదాని బాధ్యత వాళ్లదే అవుతుంది.

అలిపిరి_అక్క: ఏ దారిన పోయినా వీల్‌చైర్ కావాలని ఇప్పుడే రాయించు. వీసా కాక అరైవల్ కార్డు అని ఇంకోటుంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, సర్కారు సైట్‌లో ఉచితమే. డబ్బులు అడిగే సైట్ల జోలికి పోవద్దు.

కొర్లగుంట_వాసి: సరే అక్కా, చెన్నై టికెట్‌కే వీల్‌చైర్ రాయిస్తా. సెంట్రల్ దాకా రైలు, అక్కడి నుంచి క్యాబ్. మెట్రోలో పెట్టెలతో అమ్మను నడిపించలేను.