సమస్య: పాట విననివాడె పండితుండు

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. వింతగా కనిపించే ఆ పాదానికి అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలూ మీరు రాయాలి. లిరికల్ వీడియో ఇలా వచ్చిందో లేదో అలా సాహిత్యాన్ని చీల్చి చెండాడేవాళ్ళ మీద పూరించాలి. మన సినిమాల్లో చాలావరకు ట్యూన్ ముందు పుడుతుంది. ఆ 'తననాన'ల మీద కవి మాటలు కూర్చాలి. చివరి స్వరం సాగితే 'ప్రేమ' కాస్తా 'ప్రేమా' అవుతుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, "ఇక్కడ సంబోధన ఎందుకు?" అని నిలదీస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. 2023లో చంద్రబోస్ గారికి ఆస్కార్ తెచ్చిన పాటనే చూడండి. కాగితం మీద 'నాటు' అన్న మాటే పదే పదే కనిపిస్తుంది. దరువుతో వింటే ఆ మాటే అడుగై కదులుతుంది.

గౌతమి:
పల్లవొకటె చదివి పలు తప్పులేరుచు
బాణి నడకలోన పట్టు లేక
తనకు తానె బిరుదు తగిలించుకొనెనయ్య
పాట విననివాడె "పండితుండు"

నిర్వాహకుడు:
గౌతమి గారూ, 'పండితుండు'ను సొంతంగా తగిలించుకున్న బిరుదు చేయడంతో సమస్య విడిపోయింది. మొదటి పాదం మాత్రం సరిచూసుకోండి. 'పల్లవి' తర్వాత 'ఒకటె' వస్తే చివరి 'ఇ' పోయే ఇత్వసంధి కుదరదు, మధ్యలో 'య' చేరే యడాగమం వచ్చి 'పల్లవి యొకటె' అవుతుంది, గణాలు (గురులఘువుల లెక్క) జరిగిపోతాయి. 'చరణమొకటె చదివి చాల తప్పులు పట్టి' అంటే ఇబ్బంది లేదు.

చకోరి:
మరి మనమూ తప్పులే పడుతున్నాం కదండీ. వాళ్ళకీ మనకీ తేడా ఏముంది?

నిర్వాహకుడు:
ఉందండీ. గౌతమి గారి పద్యం నాలుగు పాదాలూ చదివాకే మాట్లాడాను. ఎక్కడ జారిందో, ఎందుకు జారిందో చెప్పి బదులు పాదం ఇచ్చాను. సినిమా పాటలోనూ తప్పుల్ని వదలక్కర్లేదు. అర్థం కుదరని మాటను ట్యూన్ మీదికి నెట్టేస్తే అడగాల్సిందే. 'కళ్ళు' అని రాస్తే 'కల్లు' అని పాడినా అడగాల్సిందే. అయితే అది గాయకుడి ఉచ్చారణ, రికార్డింగ్‌లో సరిదిద్దనివాళ్ళ బాధ్యత. వినకుండా రాసేవాడు ఆ తిట్లన్నీ కవి నెత్తినే వేస్తాడు. నాకు బాధ అక్కడే.

చకోరి:
అర్థమైందండీ. నా పూరణ:

ఇచ్చినట్టి బాణి నిమిడించి మాటలు
గొంతుకనువుగాను కూర్చువేళ
ఎవ్వరేమి యన్న నెగతాళిరాయుళ్ళ
పాట విననివాడె పండితుండు

నిర్వాహకుడు:
భేష్! 'పాట'ను ఎగతాళిరాయుళ్ళ నోటికి అప్పగించారు, కవికి పాండిత్యం దక్కింది. 'గొంతుకనువుగాను' అన్న మాట పాటల రచయిత పని మొత్తం చెప్పేసింది. పాడేవాడికి ఊపిరి ఆడే చోటు చూసుకుని మాట వేయాలి. మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలో నియమిత చోటి అక్షరానికీ పొందిక) కూడా శుభ్రంగా పడింది. నాకు దిద్దాల్సింది కనబడలేదు.

తొలకరి:
గురువుగారూ, నాకిదే మొదటి పద్యం. కాస్త చూడండి.

తప్పు పట్టువారు తామొక్క పల్లవి
రాయమనిన నోట రాదు మాట
చేతగానివాని చీవాట్లదొక్కటే
పాట, విననివాడె పండితుండు

గౌతమి:
'పాట' దగ్గర ఆపడం అద్భుతం తమ్ముడూ! ఆ విరుపు మాకెవరికీ తట్టలేదు.

నిర్వాహకుడు:
మొదటి పద్యంలోనే గణాలు, యతి అన్నీ కుదిరాయి, సంతోషం నాయనా. రెండు మాటలు చెబుతాను. 'పట్టువారు, తాము' అని బహువచనంతో మొదలుపెట్టి మూడో పాదంలో 'వాని' అన్నావు. వచనం ఒకటే ఉండాలి. ఇక, 'నువ్వు రాసి చూపించు' అన్న వాదన నాకు నచ్చదు. వంట రానివాడికి కూరలో ఉప్పెక్కువైతే తెలియదా? పల్లవి రాయలేకపోవడం విమర్శకుడి నేరం కాదు. వాడు చెవి పెట్టలేదన్నదే మన ఫిర్యాదు. ఆ వైపు తిప్పి రాయి.

తొలకరి:
మార్చానండీ.

తప్పు పట్టువాడు తానొక్క పల్లవి
చెవిని పెట్టలేదు చివరిదాక
చేతగానివాని చీవాట్లదొక్కటే
పాట, విననివాడె పండితుండు

చకోరి:
'చెవిని', 'చివరి' యతి కూడా కలిసింది. ఇప్పుడు 'చేతగాని' అన్న మాట వినడం చేతగానివాడికి వర్తిస్తుంది, ఇంకా బలంగా ఉంది.

నిర్వాహకుడు:
అవునండీ. ఈసారి మొదటి స్థానం తొలకరిదే.