ప్రమాదాలు ‘సున్నా’ అని రాసిన రిపోర్టును పీహెచ్‌డీకి డేటాగా తీసుకోవచ్చా?

హన్మకొండ_స్కాలర్ | శుక్రవారం రాత్రి 9:10
అందరికీ నమస్తే. మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ, మూడో ఏడు. సంస్థలు పనిచోట భద్రతను ఎట్లా కొలుస్తున్నాయి, ఆ లెక్కను బయటికి ఎట్లా చెప్తున్నాయి అన్నది నా టాపిక్. స్టాక్ మార్కెట్‌లో పెద్దవైన వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే రిపోర్టు ఇవ్వాలని సెబీ రూలు. అందులో ఎల్‌టీఐఎఫ్‌ఆర్ అని ఒక గడి ఉంటుంది. దెబ్బ తగిలి మనిషి పనికి రాలేకపోయిన ఘటనలు పది లక్షల పనిగంటలకు ఎన్ని అని అక్కడ రాయాలి. కాంట్రాక్టు వాళ్లను కూడా కలపాలి. నేను తిరగేసిన రిపోర్టుల్లో ఆ గడిలో చాలాచోట్ల సున్నానే ఉంది.

“అచ్చయిన లెక్క, తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో వేసెయ్యమ్మా” అంటారు మా గైడ్ గారు. కానీ వరంగల్ చుట్టుపక్కల మిల్లుల్లో, గ్రానైట్ కోసే యూనిట్లలో పదిహేడు మందితో మాట్లాడాను. వాళ్ల చేతులు చూస్తే సున్నా అనిపించలేదు. వీళ్లు లిస్టెడ్ కంపెనీల వాళ్లు కారు, అది తెలుసు. అయినా అడుగుతున్నా, ఆ సున్నాను నమ్మి థీసిస్ రాయొచ్చా?

సేఫ్టీ_సీనియర్ | 9:48
అమ్మా, 31 ఏళ్లు సేఫ్టీలో చేసి రిటైరైన వాణ్ని. ముందు నిర్వచనం చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం, 88వ సెక్షన్. దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు, లేదా అంతకు మించి పనికి రాలేకపోతేనే ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు. గీసుకుపోయింది, బొబ్బ లేచింది అని ప్రతిదీ రాస్తూ పోతే అది రిజిస్టరు కాదు, పురాణం. లెక్క కట్టడానికి ఐఎస్ 3786 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఒక మనిషి చనిపోతే 6000 పనిదినాలు పోయినట్టు వేయాలని కూడా అందులో ఉంది. ఇంత పద్ధతిగా కట్టిన లెక్కను వదిలేసి చేతులు చూసి థీసిస్ రాస్తారా? ఆ వేళ్లు మిల్లులో పోయాయో పొలంలో పోయాయో మీకేం తెలుసు?

బొగ్గుబాయి_బిడ్డ | 9:55
48 కాదు సార్. 72 గంటలు.

సేఫ్టీ_సీనియర్ | 9:57
అది 1952 గనుల చట్టం. నేను ఫ్యాక్టరీ అన్నాను.

బొగ్గుబాయి_బిడ్డ | 10:02
మా దగ్గర 72నే. మరి రెండున్నర రోజులు మంచంల పడ్డోడు మిల్లు మనిషైతే లెక్కలకొస్తడు, బాయి మనిషైతే రాడు. దెబ్బ మాత్రం ఒక్కటే.

పోచమ్మమైదాన్ | 10:05
2025 నవంబర్ 21 నుంచి పనిచోట భద్రతకు కొత్త కోడ్ (చట్టం) అమల్లోకి వచ్చింది. ఆ సెక్షన్లన్నీ పాతబడ్డాయి, గమనించగలరు.

గీసుగొండ_చిన్నోడు | 10:31
48 గంటల సంగతి నాకు బాగా తెలుసు. 2013, జిన్నింగ్ మిల్లు. పేరు రాయను, ఊరూ రాయను. పత్తి జోరు మీదున్న రోజులు. రాత్రి షిఫ్టులో రోలర్‌లో చిక్కిన పత్తి తీయబోయి మా నాయిన కుడిచేతికి రెండు వేళ్లు పోయినయి. ఆస్పత్రిలో కుట్లేసి పంపారు. తెల్లారి పది గంటలకు ఇంటి ముందు మిల్లు ఆటో ఆగింది. కట్టు కట్టిన చేతితోనే తీసుకుపోయి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చే పోయే లారీల నంబర్లు రాయమన్నారు. నాయినకు చదువు రాదు, అప్పటికి చేయి కూడా లేదు. అట్ల పదకొండు రోజులు. హాజరు పడింది. ఒక్క నాగా లేదు.

సీనియర్ సార్, మీ ఐఎస్ నంబరు ప్రకారం ఇది ఎన్ని గంటలు?

సేఫ్టీ_సీనియర్ | 10:50
మీ నాన్నగారికి జరిగింది బాధాకరం. కానీ కోలుకునే మనిషికి తేలిక పని ఇవ్వడం తప్పేం కాదు. ఇంట్లో పడుకోబెట్టడం కన్నా అది మంచిదని డాక్టర్లే అంటారు.

గీసుగొండ_చిన్నోడు | 10:52
కుర్చీ పనా సార్?

సేఫ్టీ_సీనియర్ | 10:58
తేలిక పని.

గీసుగొండ_చిన్నోడు | 10:59
చదువు రానోడికి లారీ నంబర్లు రాసే పని తేలికా?

హన్మకొండ_స్కాలర్ | 11:15
అమెరికాలో ఇట్లా తేలిక పని ఇచ్చినా దాన్ని రికార్డు చేయాల్సిందే సార్. మన గడిలో ఆ కుర్చీకి చోటు లేదు. నా ఇబ్బంది ఇంకోటి కూడా ఉంది. నలభై మంది పనిచేసే మిల్లు అనుకుందాం. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 96 వేల పనిగంటలు. ఒక్కరికి దెబ్బ తగిలితే రేటు పదికి పైన. ఎవరికీ తగలకపోతే సున్నా. మధ్యలో ఇంకో అంకే రాదు. అట్లాంటప్పుడు ఈ ఏడు పది, పై ఏడు సున్నా వస్తే మిల్లు బాగుపడినట్టా, అదృష్టం బాగున్నట్టా?

రామగుండం_షిఫ్ట్ | 11:20
ఆ 96 వేల గంటలు మాత్రం కరెక్టని ఎవరు చెప్పారు? 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు ఎవరెవరు లోపల ఉండిపోయారో తేలడానికే రోజులు పట్టింది. మనుషుల లెక్కే తెలియని చోట గంటల లెక్కా?

క్యాజువాలిటీ_నైట్ | శనివారం ఉదయం 6:40
ఇప్పుడే డ్యూటీ దిగాను. నలిగిన వేళ్లతో వచ్చే వాళ్ల పక్కన ఒక సూపర్‌వైజర్ ఉంటాడు. ఎట్లా జరిగిందని అడిగితే జవాబు ఆయనే చెప్తాడు: “ఇంట్లో గడ్డి కోసే మిషన్‌లో పడింది సార్.” ఒకసారి ఉండబట్టలేక పేషెంటునే అడిగాను, ఎన్ని బర్రెలున్నాయి అని. బర్రెలు లేవన్నాడు. ఇంకేం అడగాలో నాకు తోచలేదు. కేస్ షీట్‌లో మాత్రం గడ్డి మిషనే ఉంది. కాబట్టి అమ్మా, ఆస్పత్రి రికార్డు తీస్తే నిజం దొరుకుతుందనుకోకండి.

హన్మకొండ_స్కాలర్ | 8:30
అయ్యో డాక్టర్ గారూ, నా ప్లాన్ బి అదే! మిషిగన్‌లో 2006లో వచ్చిన ఒక స్టడీలో కంపెనీల లెక్కలు, పరిహారం క్లెయిములు, జబ్బుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి సరిచూశారు. అక్కడి ప్రభుత్వ సర్వేకు దొరకనివి మూడింట రెండు వంతుల దాకా ఉన్నాయని తేలింది. నేనూ అట్లా చేద్దామనుకున్నా. మూడు చోట్లా ఒకే అబద్ధం రాసి ఉంటే ఏం సరిచూడాలి?

సేఫ్టీ_సీనియర్ | 9:05
అందరూ దొంగలే అన్నట్టు మాట్లాడుతున్నారు. హైన్‌రిక్ అనే ఆయన 1931లోనే చెప్పాడు, ఒక పెద్ద గాయం వెనుక 29 చిన్న గాయాలు, దెబ్బ తగలకుండా తప్పిపోయినవి 300 ఉంటాయని. ఆ కింది 300ను తగ్గించడమే మా పని. మేం రోజూ చేసేది అదే.

గీసుగొండ_చిన్నోడు | 9:20
సరే సార్, మీ 1-29-300 త్రికోణం తోనే చూద్దాం. ఒక మిల్లు ఒక చావు చూపించి, చిన్న గాయాలు సున్నా అంటే? మీ హైన్‌రిక్ లెక్కన ఆ 29 మంది ఏ కుర్చీల్లో కూర్చున్నట్టు?

హన్మకొండ_స్కాలర్ | 9:41
ఆ నిష్పత్తి మీద కూడా పేచీ ఉంది సార్, ఆయన చూసిన అసలు ఫైళ్లు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. అదట్లుంచితే, 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ పేలి 11 మంది పోయారు కదా. ఏడేళ్లుగా పనిదినం పోయే గాయం ఒక్కటీ లేదని అభినందించడానికి కంపెనీ పెద్దలు ఆ రోజే రిగ్ మీదికి వచ్చి ఉన్నారు. జారిపడటాలు లెక్కబెట్టే అంకె బావి లోపల ఏం జరుగుతోందో చెప్పదు.

సేఫ్టీ_సీనియర్ | 10:10
గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా పోయారు, బాగుంది. ఇక్కడి సంగతి నేను చెప్తా. సగం మంది కల్లు తాగి వస్తారు. మిషన్‌కున్న గార్డు తీసేసి పని చేస్తారు, తొందరగా అవుతుందని. దెబ్బ తగిలితే పరిహారం కోసం చిన్నదాన్ని పెద్దది చేస్తారు. మీ పదిహేడు మందీ చెప్పిందంతా వేదమా?

గీసుగొండ_చిన్నోడు | 10:13
మా నాయిన చుక్క ముట్టడు. మీరు సంతకాలు పెట్టిన రిజిస్టర్లలో ఎన్ని కుర్చీలున్నయో చెప్పండి. 31 ఏళ్లలో ఎన్ని? చెప్పలేకపోతే చేతుల గురించి మాట్లాడకండి.

అడ్మిన్ | 10:30
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఇంకోసారి ఇట్లాగే సాగితే తాళం వేస్తాను.

సేఫ్టీ_సీనియర్ | శనివారం రాత్రి 11:52
చెప్తాను. లెక్క పెట్టుకోలేదు గానీ ఉన్నాయి.

ఒక ఏడాది అన్నీ రాశాను. అప్పుడు వయసులో ఉన్నాను, కొత్త పుస్తకాలు చదివాను. 48 గంటలు దాటిన ప్రతిదీ నోటీసు ఇచ్చాను, దాటనివి కూడా రిజిస్టరులో ఎక్కించాను. మేనేజ్‌మెంట్ ఒక్క మాట అనలేదు. ఏడాది చివర భద్రతా బోనస్ రద్దు చేసింది, అంతే. ప్రమాదాలు లేకుండా ఏడాది గడిస్తే మనిషికి కొంత డబ్బు, ఒక స్టీలు డబ్బా ఇచ్చేవాళ్లు. అవి పోయాయి. మరునాడు నా గది ముందుకు వచ్చింది మేనేజర్ కాదు, కార్మికులు. “మా పైసలు నీ పెన్నుకు బలైనయి సారూ” అన్నారు. దెబ్బలు తగిలిన వాళ్లు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. తర్వాతి ఏడాది నుంచి కుర్చీలు వేయించాను. నిజం రాస్తే కార్మికుడికి ఏం ఒరుగుతుందో నాకు ఇప్పటికీ ఎవరూ చూపించలేదు. మీరు చూపిస్తారా?

గీసుగొండ_చిన్నోడు | ఆదివారం ఉదయం 7:15
నేనూ ఒక మాట దాచాను సార్. ఆటో వచ్చినప్పుడు నాయినను ఎవరూ గుంజుకుపోలేదు. ఆయనే ఎక్కాడు. ఇంట్లో ఉంటే కూలి రాదు, కుర్చీలో కూర్చుంటే వస్తుంది. ఈఎస్‌ఐ ఉంటే ఇంట్లో ఉన్నా కూలిలో 90 శాతం వచ్చేది. మేస్త్రి నాయిన పేరే రాయించలేదు. “వాళ్లు మంచోళ్లు రా, పదకొండు రోజులు ఉత్తగనే కూలి ఇచ్చిండ్రు” అని ఇప్పటికీ అంటాడు. నా మంట మిల్లు మీదనో నాయిన మీదనో నాకే తెల్వదు.

హన్మకొండ_స్కాలర్ | 8:02
రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మొన్న నేను మాట్లాడిన పదిహేడు మందిలో ఒకాయనను మర్నాడు మేస్త్రి పిలిచి “ఆ మేడమ్‌కు ఏం చెప్పినవ్” అని అడిగాడట. ఆయనకు పని పోలేదు, ఇప్పటికైతే. నేను ఇక్కడ మొదట అడిగింది ఏ అంకె కరెక్టు అని. చెప్పినందుకు ఎవరు నష్టపోతారు అన్నది నా సినాప్సిస్‌లో ఎక్కడా లేదు. ఇకపై ఎన్ని ప్రమాదాలు అని అడగను. ఈ మధ్య ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ రోజుల కూలి ఎవరిచ్చారు, ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టారు అని అడుగుతాను. మిల్లులో కాదు, ఇంటి దగ్గర. గైడ్ గారు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

సేఫ్టీ_సీనియర్ | 8:40
స్టీలు డబ్బా ఎన్నిసార్లు వచ్చిందో కూడా అడగండి. డబ్బాలు ఎక్కువున్న ఇళ్లలో ఎక్కువసేపు కూర్చోండి.

గీసుగొండ_చిన్నోడు | 9:10
అక్కా, వచ్చే ఆదివారం రా. నాయిన మాట్లాడతాడు. ఫోన్‌లో రికార్డింగ్ మాత్రం వద్దు, ఒప్పుకున్నట్టు నువ్వు తీసుకునే ఫారం మీద సంతకం కూడా పెట్టడు. మేస్త్రి మా వాడకట్టులోనే ఉంటాడు, అందుకే స్కూటీ మీద కాకుండా బస్సుకు రా.

హన్మకొండ_స్కాలర్ | 9:14
సంతకం లేకపోతే ఎథిక్స్ కమిటీ ఊరుకోదు తమ్మీ. అయినా వస్తాను. అది తర్వాత చూసుకుందాం.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం మధ్యాహ్నం 1:25
మొత్తం చదవలేదు. ఇంతకీ 48 గంటలా, 72 గంటలా?

బొగ్గుబాయి_బిడ్డ | 1:31
72.