ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) ఎయిడ్ శిక్షణ ఆన్‌లైన్‌లో చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, గాయం తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స) విభాగంలో ఎయిడ్, అంటే సహాయకుల ఉద్యోగం కోసం ఆన్‌లైన్ కోర్సులు చూస్తున్నాను. కొన్నిచోట్ల ఎయిడ్ అనీ, కొన్నిచోట్ల అసిస్టెంట్ అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? ఫీజు కట్టేముందు ఏం చూసుకోవాలి? ఇంట్లో ఉండి ఎంతవరకు నేర్చుకోవచ్చు?

జవాబు: రెండూ ఒకటి కాదండీ. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ రెండు పేర్ల మధ్య తేడా తెలియకే. అసిస్టెంట్ కావాలంటే ఏకోట్ (ఓటీ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదవాలి. అది సాధారణంగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. అందులో రెండో దశ ఫీల్డ్‌వర్కే, అంటే పేషెంట్ల దగ్గర చేసే శిక్షణే, కనీసం 16 వారాలు. ఆ తర్వాత ఎన్‌బీసీఓటీ అనే జాతీయ సంస్థ పెట్టే పరీక్ష, రాష్ట్ర లైసెన్సు. ఎయిడ్‌కి ఇవేవీ అక్కర్లేదు. హైస్కూల్ డిప్లొమా గానీ దానికి సమానమైన జీఈడీ గానీ ఉంటే చాలంటారు, అసలు పని చేరినచోటే నేర్పుతారు. సాధారణంగా ఎయిడ్‌కి లైసెన్సు ఉండదు కాబట్టి, "మా కోర్సు చేస్తే లైసెన్సు వస్తుంది" అని ఎవరైనా అంటే అక్కడితో ఆపేయండి. ఎయిడ్ కోర్సు క్రెడిట్లు రేపు అసిస్టెంట్ డిగ్రీలో కలుస్తాయన్న మాట కూడా నోటిమాటగా నమ్మొద్దు. మీరు చేరాలనుకునే కాలేజీనే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

కోర్సులో ఏముండాలంటే: శరీర నిర్మాణం, చార్టుల్లో వాడే వైద్య పదాలు, ఇన్‌ఫెక్షన్ నివారణ, పేషెంటు వివరాల గోప్యతకు సంబంధించిన హిపా నియమాలు, నడుం దెబ్బతినకుండా బరువు ఎత్తే పద్ధతి, వీల్‌చెయిర్ భాగాలు. ఇవన్నీ తెరమీద చక్కగా నేర్చుకోవచ్చు. చివర్లో చేతులతో చేయించి చూసే రోజులు కొన్నైనా ఉంటే ఆ కోర్సుకు విలువ ఎక్కువ.

మరో జవాబు: సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) సంగతి కలుపుతాను. ఉద్యోగ ప్రకటనల్లో తరచుగా బీఎల్ఎస్ కార్డు (సీపీఆర్ లాంటి ప్రాణరక్షణ శిక్షణ పొందినట్టు ఇచ్చేది) అడుగుతారు, రెండేళ్లకోసారి కొత్తది తీసుకోవాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లోనే ఇచ్చే కార్డుని ఆసుపత్రులు సాధారణంగా ఒప్పుకోవు. పాఠం ఆన్‌లైన్‌లో చదివి, బొమ్మ మీద ఛాతీ నొక్కి చూపించే పరీక్షకు స్వయంగా వెళ్లే రకం తీసుకోండి. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకు కనీసం 2 అంగుళాల లోతు. వీడియో చూసి ఆ లోతు చేతికి రాదు. క్షయ పరీక్ష, హెపటైటిస్ బి టీకా రికార్డు, నేర చరిత్ర తనిఖీ కూడా అడుగుతారు. ఆ కాగితాలు ముందే పోగుచేసుకోండి.

అనుబంధ ప్రశ్న: ఎయిడ్ పేషెంటుతో వ్యాయామాలు చేయించకూడదని ఒకచోట చదివాను. మరి చేసే పనేంటి?

జవాబు: పని చాలానే ఉంటుందండీ. గది సిద్ధం చేయడం, పేషెంటుని తీసుకురావడం, పరికరాలు తుడవడం, సరుకు లెక్క చూసుకోవడం, ఫోన్లు, అపాయింట్‌మెంట్లు. పేషెంటుని కదిలించేటప్పుడు థెరపిస్టుకి రెండో మనిషిగా సాయం పట్టడం. పరీక్షించి నిర్ణయించడం, చికిత్స ప్రణాళిక మార్చడం మాత్రం ఎయిడ్ చేయకూడదు. దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఎయిడ్ చేసిన పనిని నైపుణ్య చికిత్సగా చూపి మెడికేర్‌కి (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) బిల్లు వేయకూడదు, పక్కన థెరపిస్టు నిలబడి చూస్తున్నా సరే. కాబట్టి "కాసేపు నువ్వే చేయించు" అని ఎవరైనా అంటే, అది ఎయిడ్ పరిధిలోదేనా అని అడిగాకే చేయండి. అలా అడగడం అమర్యాదేమీ కాదు.

అనుబంధ ప్రశ్న: పడక మీద నుంచి వీల్‌చెయిర్‌లోకి మార్చడం ఇంట్లో సాధన చేయొచ్చా?

జవాబు: ఆరోగ్యంగా ఉన్న మనిషితోనైతే చేయొచ్చు, వరస చేతికి పట్టుబడుతుంది. వీల్‌చెయిర్‌ని పేషెంటుకి బలమున్న వైపు, పడకకి 30 నుంచి 45 డిగ్రీల వాలుగా పెట్టాలి. రెండు బ్రేకులూ వేసి, కుర్చీని చేత్తో ఒకసారి కుదిపి చూడాలి. టైరులో గాలి తగ్గితే బ్రేకు వేసినా చక్రం జారుతుంది. తర్వాత ఫుట్‌రెస్టులు పక్కకి తిప్పాలి, లేదా తీసేయాలి. కొత్తవాళ్లు మర్చిపోయేది ఇదే, మడమ దానికి తగిలి మనిషి తూలిపోతారు. గెయిట్ బెల్ట్ (పేషెంటుని పట్టుకోవడానికి కట్టే పట్టీ) బట్టల మీదే, నడుం చుట్టూ, లోపల రెండు వేళ్లు దూరేంత బిగువుగా కట్టాలి. పొట్టకి కొత్తగా ఆపరేషన్ అయినా, ఫీడింగ్ ట్యూబు ఉన్నా థెరపిస్టుని అడక్కుండా కట్టకూడదు.

పేషెంటు మంచం అంచుకి జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు పాదాల మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి. ఆ వంగుడు లేకపోతే బరువంతా మీ నడుం మీదే పడుతుంది. నీరసంగా ఉన్న మోకాలికి మీ మోకాలు అడ్డం పెట్టండి. మూడు లెక్కపెట్టి లేపి, మీ పాదాలతో తిరగండి, నడుం మెలిపెట్టొద్దు. కుర్చీ అంచు కాళ్ల వెనక తగిలాకే కూర్చోబెట్టాలి.

మరో జవాబు: దీనికి రెండు మాటలు చేర్చాలి. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని గానీ చంక కింద చేతులు పెట్టి గానీ ఎప్పుడూ లాగొద్దు. అక్కడి కండరాలు సడలి ఉంటాయి, భుజం కీలు జారిపోతుంది. తుంటి కీలు వెనకవైపు నుంచి మార్చిన పేషెంటు అయితే తుంటి 90 డిగ్రీలకి మించి వంగకూడదు, కాళ్లు అడ్డంగా వేసుకోకూడదు, పాదం లోపలికి తిరగకూడదు. అంటే పైన చెప్పిన ముందుకు వంగే పద్ధతి వాళ్లకి యథాతథంగా పనికిరాదు. థెరపిస్టు చెప్పిన ఎత్తు కుర్చీ, చెప్పిన పద్ధతి మాత్రమే.

బట్టలు వేసే వరస కూడా ఇంట్లోనే సాధన చేయండి: వేసేటప్పుడు నీరసమైన చెయ్యి ముందు, తీసేటప్పుడు బలమైన చెయ్యి ముందు. మీ ఒక చెయ్యిని శరీరానికి కట్టేసుకుని గుండీల చొక్కా వేసుకుని చూస్తే, ఈ వరస ఎందుకో ఒక్కసారిలో అర్థమవుతుంది.

మరో జవాబు: పరికరాల దగ్గర జరిగే తప్పులు కూడా చెప్పుకోవాలి. క్రిమినాశక ద్రవం రాసిన వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే ఫలితం ఉండదు. సీసా మీద రాసిన నిమిషాలన్నీ ఉపరితలం తడిగా ఉండాలి. వేళ్ల వ్యాయామానికి వాడే పుట్టీ (పిసికే మెత్తటి ముద్ద) ఒకరిది ఇంకొకరికి ఇవ్వకూడదు, దాన్ని కడగలేం. ఒక్కొక్కరి డబ్బా మీద పేరు రాయండి. హాట్ ప్యాక్‌లు (కాపడం పెట్టే సంచులు) వేడిచేసే తొట్టిలో నీళ్లు సుమారు 160 నుంచి 166 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటాయి. చర్మానికీ ప్యాక్‌కీ మధ్య 6 నుంచి 8 పొరల తువాలు లేకుండా పెడితే కాలుతుంది. స్పర్శ తగ్గిన చర్మానికి ఆ మంట తెలియదు కాబట్టి మధ్యలో తువాలు ఎత్తి చర్మం రంగు చూడాలి. పెట్టమని చెప్పాల్సింది మాత్రం థెరపిస్టే.

అనుబంధ ప్రశ్న: ఉద్యోగాలు వెతికితే ఓటీ ఎయిడ్ పేరుతో చాలా తక్కువ కనిపిస్తున్నాయి.

జవాబు: ఆ ఒక్క పేరుతో వెతక్కండి. రిహాబ్ (పునరావాస చికిత్స) ఎయిడ్, రిహాబ్ టెక్, థెరపీ టెక్ అని వెతకండి. చాలాచోట్ల ఓటీకీ ఫిజికల్ థెరపీకీ కలిపి ఒకరినే తీసుకుంటారు. దరఖాస్తులో కోర్సు పేరు కంటే ముందు బీఎల్ఎస్ కార్డు గడువు తేదీ, చేతులతో చేసిన సాధన గంటలు రాయండి. దగ్గర్లోని నర్సింగ్ హోమ్ (అమెరికాలో వృద్ధులు, దీర్ఘకాల రోగులు ఉండే సంరక్షణ కేంద్రం) రిహాబ్ విభాగానికి ఫోన్ చేసి, ఒక పూట పక్కనుండి చూడనిస్తారా అని అడగండి. ఫీజు కట్టకముందే ఈ ఫోన్ చేయడం మంచిది: మీరెంచుకున్న కోర్సుని వాళ్లు లెక్కలోకి తీసుకుంటారో లేదో అప్పుడే అడిగేయొచ్చు.