కరోనాకి చేసిన యాంటిజెన్ టెస్టు నెగెటివ్ వచ్చింది, వాసన మాత్రం తెలియడం లేదు. పెద్దకర్మకు వెళ్లొచ్చా?

ప్రశ్న (కావలి, మే 2021)
మా మేనమామ గుండెపోటుతో పోయారు, ఎల్లుండి కందుకూరులో పెద్దకర్మ. నిన్న ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు, అప్పుడే దంచిన ఆవపిండి బేసిన్‌లో పోస్తూ మా ఆవిడ తుమ్ముతోంది, పక్కనే కూర్చుని ముక్కలు తుడుస్తున్న నాకు ఏ ఘాటూ తగల్లేదు. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఏమీ లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఈ ఉదయం యాంటిజెన్ చేయిస్తే నెగెటివ్. వెళ్లకపోతే "మామ చేతుల మీద పెరిగి చివరికి ముఖం చాటేశాడు" అంటారు, ఆ మాట పడలేను. వెళితే అక్కడ అత్త ఉంది, షుగరు, 60 దాటాయి, టీకా ఒక డోసే పడింది, రెండోది 12 నుంచి 16 వారాలన్నారు. కర్ఫ్యూ వల్ల మధ్యాహ్నం 12 లోపే అన్నీ కావాలి కాబట్టి అందరూ ఒకేసారి చేరతారు. ఎవరికీ చెప్పకుండా మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడి వస్తే సరిపోతుందా?

జవాబు 1 (ఒంగోలు, ఏఎన్ఎం - ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త)
వెళ్లకండి అన్నా. యాంటిజెన్‌లో నెగెటివ్ వస్తే లేదని కాదు, వాసన పోయినవాళ్లయితే అసలు నమ్మకూడదు. ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ టెస్టుకి శాంపిల్ ఇచ్చి వేరే గదిలో ఉండండి. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే 104కి ఫోన్ చేయండి. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుతుంది, కాబట్టి ఆ రోజుల్లో మాస్కు లేకుండా ఎవరి దగ్గర కూర్చున్నారో వాళ్లకు చెప్పండి. నేను సర్వేకి వెళితే తలుపు సందులోంచే "మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదమ్మా" అంటారు, లోపల దగ్గు వినపడుతూనే ఉంటుంది. పాలవాడు రాడని, వీధిలో వెలేస్తారని వాళ్ల భయం, అది ఉత్త భయం కూడా కాదు. అయినా చెప్పాలి.

జవాబు 2
కృష్ణపట్నంలో కరోనాకని పంచుతున్న నాటుమందు వేసుకుని వెళ్లు బ్రో, మావాళ్లు తెచ్చుకున్నారు.

జవాబు 3 (ఆత్మకూరు)
దయచేసి ఆయన్ని ఆ కృష్ణపట్నం క్యూలోకి పంపకండి. మందు సంగతి తర్వాత, అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు, ఈయనకి ఉంటే ఎంతమందికి అంటాలి?
ఏప్రిల్‌లో నేనూ పెళ్లికి ఇలాగే వెళ్లాను, ఒళ్లునొప్పులు ప్రయాణం వల్ల అనుకున్నాను. తర్వాత మా పెద్దనాన్న 9 రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. నా వల్లేనా, పెళ్లిలో ఇంకెవరి వల్లనైనానా, ఇక ఎప్పటికీ తేలదు. ఆయన మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "నీ ఒళ్లు ఎట్టా ఉందిరా" అని నన్నే అడుగుతాడు, నాకు గొంతు పెగలదు.

ప్రశ్న అడిగినవారు
అత్తకి ఫోన్ చేసి ఉన్నది చెప్పాను. కాసేపు పలకలేదు, తర్వాత "అన్నం సయిస్తందా నాయనా?" అంది. ఇంటివాళ్లు తప్ప ఎవరూ రావద్దని తనే అందరికీ చెబుతానంది. శాంపిల్ ఇచ్చి మేడ మీద గదిలోకి మారాను. నిన్న కాయలు కొట్టడానికి వచ్చిన పక్కింటి వాళ్లకీ చెప్పాను, ఒకాయన మాట్లాడకుండా ఫోన్ పెట్టేశాడు, ఇంకొకళ్లు సాయంత్రం గేటుకి బత్తాయిల సంచి తగిలించి వెళ్లారు. రిజల్టు మెసేజ్ ఇంకా రాలేదు.