సమస్యాపూరణం: ‘బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె’

నిర్వాహకుడు, బసవనగుడి, బెంగళూరు:

ఈ వారం తేటగీతి. నాలుగో పాదం ఇస్తున్నాం, పై మూడూ మీవి.

బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

సినిమా పిచ్చివాళ్ళకు విడుదల దినం కన్నా దాని ముందు నెలే తియ్యన. పోస్టరు, గ్లింప్సు, టీజరు, వారానికో లిరికల్ పాట, ట్రైలరు, ప్రీ రిలీజు వేడుక. అలాంటిది విడుదలకు ముందే విసుగేమిటి? అదీ చిక్కు. కొత్తవారికి కొలత: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. పొట్టిగా పలికే అక్షరం లఘువు, పొడుగుగా పలికేది గురువు. సూర్యగణమంటే గురువు, లఘువు లేదా మూడు లఘువులు. ఇంద్రగణమంటే నల, నగ, సల, భ, ర, త అనే ఆరింటిలో ఏదైనా. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే ధ్వనిలో మైత్రి. ప్రాస అక్కర్లేదు, ప్రాసయతి (యతి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలపడం) వేసుకోవచ్చు. ఇచ్చిన పాదాన్నే విడదీస్తే బొమ్మ, విడుదల, కుమునుపె, బోరు, కొట్టె. బొ–బో యతి. అన్యదేశ్యాలు (పరభాషల మాటలు) కూడదనే నియమం ఈసారి లేదు. ‘బోరు’ను మేమే ఇచ్చి మిమ్మల్ని వద్దనలేం కదా.

బాల్కనీ, మారతహళ్ళి:

పాట లన్నియు ముందుగ బైట కొచ్చె,
ట్రైలరున కథ యంతయు రట్టు గాగ
వేచి చూచెడి యభిమాని విసుగు జెంద
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

మల్లేశ్వరం మాస్టారు:

బాల్కనీ గారూ, నడక చక్కగా ఉంది. రెండో పాదం యతి చూసి కొందరు ఉలిక్కిపడతారు. ట్రై అంటే ట, ర కలిసిన అక్షరం, అందులో ఏ హల్లుతోనైనా యతి కుదుర్చుకోవచ్చు. మీరు రకారం తీసుకుని ‘రట్టు’ అన్నారు. ఐకి అకారం చెల్లుతుంది, కనక లోపం లేదు. ‘బైట కొచ్చె’ మాత్రం మిగతా పద్యం భాషలో ఇమడలేదు. ‘బైటఁ బడియె’ అనండి, గణం చెడదు, పా–బై యతీ నిలుస్తుంది.

విషయం సరైనదే. ఒకప్పుడు ఆడియో వేడుక నాడు పాటలన్నీ ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు నెలల ముందు నుంచి ఒక్కొక్కటిగా వదులుతున్నారు. సినిమాలో పాట వచ్చేసరికి చెవికి కొత్తదనం ఉండదు. కాని సమస్యలోని మాటల్ని ఉన్న అర్థంలోనే వాడుకున్నారు, విరుపు లేదు. పూరణ అయింది, చిక్కు విప్పినట్టు కాలేదు.

నేలటికెట్టు, కె.ఆర్. పురం:

టికెట్ల ధరలను చూసి గుండె జారె
ఓటీటీ వచ్చేదాక ఓర్చుకుంటే
ఫ్రెండ్సు కథ చెప్పి మొత్తం స్పాయిల్ చేయగ
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

‘విడుదల’ అంటే ఓటీటీ విడుదల అని భావం. గణాలు సరిచూసి పెట్టండి మాస్టారూ.

మల్లేశ్వరం మాస్టారు:

ఊహ మొదటి పద్యం కన్నా మెరుగు నాయనా. విడుదల ఒకటి కాదు రెండు అని పట్టుకున్నావు. ఇక గణాలు. ‘టికెట్ల’ అంటే లఘువు, గురువు, లఘువు. లఘువు వెంటనే గురువుతో మొదలయ్యే గణం సూర్యుల్లో లేదు, ఇంద్రుల్లోనూ లేదు. అందుకే టికెట్టు, రిలీజు, థియేటరు అనే మూడు మాటలూ తేటగీతిలో గణం మొదట కూర్చోవు. సినిమా పద్యాలు రాసేవాళ్ళందరూ బోల్తాపడేది ఇక్కడే. ముందు ఒక లఘువు తెచ్చి అతికించు, సలం అనే ఇంద్రగణం అవుతుంది. లేదా ‘టి’ని ముందు గణం తోకగా వదిలి ‘కెట్ల’తో కొత్త గణం ఎత్తుకో. అదే కందంలో అయితే ఆరో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి గనక ‘రిలీజు’ అక్కడ కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది.

‘ఓటీ’ రెండు గురువులు, సూర్యగణం కాదు. నడిమి ‘టీ’ని కుదిస్తే ఓటి, టీ... అని సాగుతుంది. మూడో పాదంలో ‘ఫ్రెండ్సు’, ‘కథ చెప్పి’ రెండూ బాగానే పడ్డాయి. ‘మొత్తం స్పా’ దగ్గర మూడు గురువులు గుద్దుకున్నాయి. ఆ పాదంలో యతి జాడే లేదు. నీ ఊహ చెడకుండా ఇలా:

పెంచిన టికెట్ల ధరలకు బెదరి పోయి
ఓటిటీ వచ్చు నందాక నోర్చు కొనగ
మిత్రు లందరు కథ నెల్ల మెల్లఁ జెప్ప
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

‘నటికెట్ల’ సలం ఎలా అయిందో చూడు. రెండో పాదంలో ‘దాకన్’ మీద ‘ఓర్చు’ వచ్చి నోర్చు అయింది, యతి అచ్చుకే, ఓ–ఓ.

బాల్కనీ:

ధరల సంగతికి చిన్న చేర్పు. రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్ద సినిమాకు రేటు పెంచాలంటే ప్రభుత్వం జీవో ఇవ్వాలి. కర్ణాటకలో ఆ తతంగం లేదు, అందుకే మొదటి మూడు రోజులు ఇక్కడి మల్టీప్లెక్సుల్లో రేటు ఎటు పోతుందో చెప్పలేం. 2025 సెప్టెంబరులో 200 రూపాయల గరిష్ఠ ధర అని ప్రభుత్వం నియమం తెచ్చింది, ఆ నెలలోనే హైకోర్టు ఆపింది. ఇక నాలుగు వారాల్లో ఓటీటీకి వచ్చేసే తెలుగు సినిమా కోసమైతే ఓర్చుకోవడంలో తప్పేమీ లేదు. హిందీ వెర్షన్‌కు మాత్రం పెద్ద మల్టీప్లెక్సు గొలుసులు ఎనిమిది వారాల ఎడం అడుగుతాయి.

యలహంక కవయిత్రి:

నీటి కటకట నగరాన నిండి యుండ
హాలు యజమాని ముందుగా నదను చూచి
మరుగు దొడ్లకు జలమబ్బు మార్గ మెంచి
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

ఈ ఊళ్ళో ఉంటూ బోరంటే విసుగు ఒక్కటే గుర్తొచ్చిందా మీ అందరికీ?

నేలటికెట్టు:

అమ్మా, దెబ్బ కొట్టారు! కాని యజమాని కొట్టడు కదా, కొట్టిస్తాడు. ‘కొట్టించె’ అని ఉండాలి. కొట్టేది రిగ్గు లారీవాళ్ళు.

యలహంక కవయిత్రి:

రాజు గుడి కట్టాడంటాం, రాళ్ళు మోసింది రాజా బాబూ? చేయించినవాణ్ణే కర్తగా చెప్పడం వాడుకలో ఉన్నదే.

మల్లేశ్వరం మాస్టారు:

ఆవిడ మాట నిలుస్తుంది. రెండో పాదంలో హా–అ యతి కూడా గమనించండి. ‘ముందుగాన్ + అదను’, అక్కడున్న నకారం సంధి తెచ్చింది, అచ్చు అకారం. హకారానికి అకారంతో మైత్రి ఉంది. ఇందులో కాలజ్ఞత కూడా ఉంది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని కార్లు కడగడానికి, తోటలకు, కట్టడాలకు వాడొద్దని ఆజ్ఞ తెచ్చింది. సినిమా హాళ్ళలో, మాల్సులో తాగడానికి తప్ప వాడరాదంది. తప్పితే 5,000 రూపాయల జరిమానా. ఆ వేసవిలో వెయ్యిమంది కూర్చునే హాలుకు ఇంటర్వెల్లో నీళ్ళు రావాలంటే బోరో ట్యాంకరో దిక్కు. ‘మరుగు దొడ్లకు’ అన్న మాట లేకపోతే ఈ పద్యం గాల్లో ఉండేది. ఆ ఒక్క మాట నేల మీద నిలబెట్టింది.

సర్జాపుర:

చన్నపట్టణ మందున చక్కఁ జేసి
రంగు లక్కల మెరుగిడి రాచి దిద్ది
కమ్మి దూర్చగఁ బనివాడు గాడి జూచి
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

మల్లేశ్వరం మాస్టారు:

బొమ్మను బొమ్మగానే చూసింది మీరొక్కరే. ‘రాచి’ అన్నది అచ్చమైన మాట. తిరిగే లేతు మీద లక్క కడ్డీని అదిమి పెడితే రాపిడి వేడికి కరిగి కర్రకు పడుతుంది, కుంచెతో పూసేది కాదు. మన ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మల పనీ ఇదే. అయితే రెండు పేచీలు. కర్రకు బోరు ‘వేస్తారు’, కొట్టరు. రెండోది, ‘విడుదల’. సంతకు పోయే బొమ్మను విడుదల అంటారా? పోస్టరు మీది కన్నడ ‘బిడుగడె’ను (విడుదలను) రోజూ చూసే కన్ను గనక మీకు తేడా తెలియలేదేమో!

సర్జాపుర:

ఒప్పుకుంటాను. ఇంకో తప్పు నేనే చెబుతా. రంధ్రం లక్కకు ముందు చేయాలి, నా పద్యంలో తర్వాత వచ్చింది. పైగా కర్ర పూర్తిగా ఆరకముందు చేస్తే ఆరేకొద్దీ గుండ్రటి రంధ్రం కోలగా మారి కమ్మి బిగుసుకుంటుంది.

రీలుపెట్టె, మడివాళ:

కోడి కూయక ముందె లోఁ గూరుచుండ
తాళ మందదు సర్వరు తలుపు దీయ
ఖాళి తెరఁ జూచి కనులెల్ల కాయ గాచె
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

ఈ పద్యానికి కొంచెం వివరం కావాలి. ఇప్పుడు హాలుకు వచ్చేది రీలు కాదు, డీసీపీ అనే ఫైళ్ళ మూట. అందులో దృశ్యానికి గరిష్ఠంగా సెకనుకు 250 మెగాబిట్లు. అంత నిండుగా చేస్తే మూడు గంటల సినిమా 300 గిగాబైట్లు దాటుతుంది. దాన్ని సర్వరులోకి ఎక్కించడానికే సమయం పడుతుంది కనక ముందే పంపుతారు. కాని అది తాళం వేసి ఉంటుంది. తెరిచే కీ, అంటే కేడీఎం, వేరుగా మెయిల్లో వస్తుంది. అది ఆ సినిమాకు, ఆ ఒక్క సర్వరుకు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా మాత్రమే పనిచేస్తుంది. పక్క తెర సర్వరులో వేస్తే తెరుచుకోదు.

చెడేది ఎక్కడంటే, ఉదయం 6 గంటల ఆట అమ్మేసి ఉంటారు, ఫైనల్ మిక్సు ఆలస్యమై కొత్త డీసీపీ రాత్రి వస్తుంది, పాత మూటకు చేసిన కీ కొత్తదాన్ని తెరవదు. లేదా హాలువాళ్ళు సర్వరు మార్చి ఆ సర్టిఫికెట్టును పంపిణీవాళ్ళకు పంపి ఉండరు. లేదా కీలో మొదలు సమయం 8 గంటలని ఉంటుంది, ఆట 6కి. మూడూ సర్వరు తెర మీద ఇంచుమించు ఒకేలా ఎర్రగా కనిపిస్తాయి, గడువు చూసేదాకా ఏదో తెలియదు. ముందు రాత్రే కీ ఎక్కించి, ఏ గంట నుంచి చెల్లుతుందో చదివి, జాబితాలో పెట్టి చూసుకుంటే సగం గొడవలు తప్పుతాయి. ఇక్కడి సంధ్య, ఊర్వశి లాంటి పెద్ద తెరల ముందు పొద్దున్నే చేరే జనానికి ఇదంతా తెలియదు, ఈలలు ఆపరేటరుకే.

బాల్కనీ:

పద్యం అదిరింది. ఒక్క అనుమానం. తాళం అంటే కప్ప కదా? అందనిది తాళంచెవి.

మల్లేశ్వరం మాస్టారు:

‘తాళాలు ఎక్కడ పెట్టావు’ అన్నప్పుడు వెతికేది చెవులనే కదండీ. వాడుక బలం ఉంది. ‘ఖాళీ’ని ‘ఖాళి’ అనడమూ పరదేశి మాట గనక క్షమ్యం. ‘కళ్ళు కాయలు కాయడం’ అనే పలుకుబడిని ఎదురుచూపుకు తెచ్చి, ఆ చూపు ఖాళీ తెర మీద పెట్టడం నాకు నచ్చింది. ఇందులో విసుగు సినిమా మీద కాదు, అందుకే అభిమానం చెక్కుచెదరలేదు. సమస్యలోని వైరుధ్యం అసలు పోయిన చోటు ఇదే.

ఇంటర్వెల్, హొసూరు రోడ్డు:

మూల కథ లేదు, గ్లింప్సులే మోత మ్రోగె
డేటు మారెను ముమ్మారు, డీలపడగ
వేచి వేచిన మదిలోని వేడి యారె
బొమ్మ విడుదలకు మునుపె బోరుకొట్టె

‘దు’ తర్వాత గ్లిం, ‘త’ తర్వాత మ్రో ఉన్నాయి. ఆ రెండూ గురువులు అవుతాయేమోనని భయం.

యలహంక కవయిత్రి:

అవవు. విడివిడి తెలుగు మాటల మధ్య తర్వాతి మాట సంయుక్తాక్షరంతో మొదలైనా ముందు అక్షరం లఘువే. సంస్కృత సమాసంలో అయితేనే గురువు. ధైర్యంగా వాడండి. కాని మూడు పాదాల్లో మూడు కారణాలు చెప్పారు. తేదీ మార్పు ఒక్కటే పట్టుకుంటే వేడి ఆరడానికి బలం వచ్చేది.

వెనక వరుస, జయనగర:

క్రమాలంకారంలో ప్రయత్నం. మూడు ప్రశ్నలు, జవాబులు సమస్యలో వరుసగా.

దేనికై వేచు నభిమాని దినము లెంచి?
ఎప్పు డయిపోయె సీటులు హెచ్చు ధరకు?
ఏమి చేసెను రైతు తా నీటి కొరకు?
బొమ్మ విడుదలకు; మునుపె; బోరుకొట్టె!

నేలటికెట్టు:

అమ్మో! సమస్యను మూడు ముక్కలు చేసి పడేశారు.

మల్లేశ్వరం మాస్టారు:

ముక్కలు అతుకు తెలియకుండా తెగాయి. అదే క్రమాలంకారం గొప్ప. రెండో పాదంలో ఎ–హె చెల్లుతుంది. మూడో పాదంలో దొరికిపోయారు. ఏ–నీ యతి కాదు. పై పూరణల్లో ‘నదను’, ‘నోర్చు’ చూసి ఇదీ అలాంటిదే అనుకున్నట్టున్నారు. అక్కడ నకారం సంధిలో వచ్చింది, కింద అచ్చు ఉంది. ‘నీటి’లో నకారం మాట సొంత సొత్తు, దాన్ని తీస్తే ‘ఈటి’ మిగులుతుంది. ఇలా మార్చండి:

బావి యెండిన రైతేమి పాటు పడియె?

బా–పా యతి. బావి ఎండటంతో బోరుకు కారణమూ చెప్పినట్టయింది. మీ పాదంలో అది లేదు.

వెనక వరుస:

మార్చాను మాస్టారూ. ‘ఈటి’ మాత్రం మా ఇంట్లో వారం రోజులు నడుస్తుంది.

నిర్వాహకుడు:

ఈ వారం రీలుపెట్టె గారిది, సవరించిన రూపంలో వెనక వరుస గారిది పైన పెడుతున్నాం. యలహంక కవయిత్రి గారి పద్యం మూడోదా రెండోదా అన్న తగవు ఇంకా తెగలేదు. వచ్చే వారానికి ఆటవెలది, రెండో పాదంగానో నాలుగో పాదంగానో వాడుకోండి:

నేల టికెటు కొనెను నింగి జూడ

‘టికెటు’ మూడు లఘువులు. ‘టికెట్టు’ అని రాసి పంపితే మాస్టారి పాఠం మళ్ళీ మొదటి నుంచి వినాల్సి ఉంటుంది.