అప్‌డేట్: గర్భంతో ఉన్నప్పుడు కొంచెం వైన్ పర్లేదా? మిడ్‌వైఫ్ ఏమన్నారంటే

మొన్నామధ్య అడిగాను కదా, లండన్‌లో ఉంటున్న మా చెల్లికి నాలుగో నెల, ఆఫీసులో ఓ పెద్దావిడ "మా రోజుల్లో వారానికి ఒకటి రెండు గ్లాసులు పర్లేదనేవాళ్లు" అంటుంటే ఇంట్లో అమ్మ చుక్క కూడా ముట్టొద్దంటోంది, ఎవరి మాట వినాలని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. నేరుగా మిడ్‌వైఫ్‌నే (గర్భిణుల్ని, కాన్పుల్ని చూసుకునే ఆవిడ) అడగమన్న సలహా పనికొచ్చింది.

ఆ పెద్దావిడ కల్పించి చెప్పలేదట. బ్రిటన్‌లో ఒకప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు, ఒకటి రెండు యూనిట్లు (ఒక యూనిట్ అంటే 10 మి.లీ. అసలు ఆల్కహాల్) దాటొద్దని నిజంగానే చెప్పేవారు. 2016లో అక్కడి ముఖ్య వైద్యాధికారులు దాన్ని మార్చి, అసలు తాగకపోవడమే క్షేమమన్నారు. కొంచెం తాగినా హాని తప్పదని తేలిపోయి కాదు, ఇంతవరకైతే ఫర్వాలేదని గీత గీసి చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి. ఆల్కహాల్ తల్లి రక్తంలోంచి మావి (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరుతుంది, దాన్ని అరిగించుకునేంతగా బిడ్డ కాలేయం ఎదగదు.

చెల్లి అసలు టెన్షన్ వేరే. గర్భమని తెలియకముందు ఒక పార్టీలో ఓ గ్లాసు తాగిందట. మిడ్‌వైఫ్ అది రాసుకుని, అంత కొద్దిగా అయితే బిడ్డకి ప్రమాదం చాలా తక్కువ, ఇకమీదట మానేస్తే చాలన్నారు. ఆ మాటతో చెల్లి కుదుటపడింది, నాకూ ప్రాణం లేచొచ్చింది.

రెడ్ వైన్ రక్తానికి మంచిది, బీరైతే నయం, కల్లు చలువ అని ఇక్కడ సాగిన చర్చ మాత్రం అక్కరకు రాలేదు, ఏ సీసాలో ఉన్నా ఆల్కహాల్ ఒకటే. దగ్గు మందు కొనేటప్పుడు మాత్రం గర్భిణినని ఫార్మసిస్ట్‌కి చెప్పి తీసుకోమన్నారు.